బత్తిలో ఎంత మిగిలింది? – ల్యాంప్ రూం నుండి ల్యాప్‌టాప్ దాకా



ప్రత్యేక సంచికకు బాయి చరిత్ర గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. బొగ్గు దొరికిన కథ మనలో చాలామందికి కంఠతా వచ్చు. 1871లో జియలాజికల్ సర్వే వారి డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కోవడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడం, 1945లో నిజాం ప్రభుత్వం వాటాల్లో ఎక్కువ భాగం కొనడం, ఇవన్నీ ఇదివరకే ఎందరో పెద్దలు రాశారు. మళ్లీ నేను రాయబోను. నా ఉద్యోగ జీవితమంతా మంచిర్యాల చుట్టుపక్కల బాయిల మీద, ల్యాంప్ రూంలో గడిచింది. కాబట్టి నాకు చేతనైన ఒక్క సంగతి చరిత్ర మాత్రమే రాస్తాను. సంగతి చిన్నదే. బ్యాటరీలో ఇంకా ఎంత మిగిలింది అన్న ప్రశ్న.

ఈ రోజుల్లో ఈ ప్రశ్న ఇంటింటా ఉంది. మనవడి ఫోన్లో, కోడలి ల్యాప్‌టాప్‌లో మూలన ఒక చిన్న బ్యాటరీ బొమ్మ, పక్కన ఒక శాతం అంకె. మనకు మాత్రం ఈ ప్రశ్న బొగ్గు బాయిలో ఎదురైంది. అక్కడ దానికి జవాబు తప్పితే నష్టం వేరే విధంగా ఉండేది.

బాయిలో దీపం సంగతి విద్యుత్తు కంటే ముందే మొదలైంది. ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో 1812 మే 25న జరిగిన పేలుడులో 92 మంది చనిపోయారు. మంట బయటకు ఉన్న దీపానికి గనిలోని మీథేన్ వాయువు అంటుకుంటే జరిగేది అదే. 1815లో సర్ హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగ జాలీ పెట్టి రక్షణ దీపం చేశాడు. ఆ జాలీ వేడిని పీల్చుకుంటుంది కనుక లోపలి మంట బయటి వాయువుకు అంటుకోదు. అయితే ఆ దీపంలోని అసలు గొప్పతనం మన సర్దార్లకు, ఓవర్‌మన్లకు బాగా తెలుసు. వత్తి తగ్గించి చూస్తే, వాయువు ఉన్నచోట మంట మీద నీలి రంగు టోపీ లాంటిది కనిపిస్తుంది. ఆ టోపీ ఎత్తును బట్టి వాయువు ఎంతుందో చెప్పేవారు. ప్రాణవాయువు బాగా తగ్గితే దీపమే ఆరిపోతుంది. వెలుగిచ్చేదీ అదే, కొలిచేదీ అదే. దాని నూనె ఎంత మిగిలిందో ఊపి చూస్తే చేతికి తెలిసేది.

విద్యుత్ దీపం వచ్చాక ఆ సుఖం పోయింది. బ్యాటరీని ఊపితే ఏమీ తెలియదు. నిండుగా ఉన్నా ఖాళీ అయినా బరువు అంతే.

బ్యాటరీ కథ 1800లో వోల్టాతో మొదలైనా, మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల సీసం–ఆమ్లం బ్యాటరీని 1859లో ఫ్రాన్స్ దేశీయుడు ప్లాంటే తయారుచేశాడు. అయినా మనిషి తలకు తగిలించుకోగల దీపం రావడానికి ఇంకా యాభై ఏళ్లకు పైగా పట్టింది. అమెరికాలో ఎడిసన్ తన నికెల్–ఇనుము బ్యాటరీతో గని కార్మికుడి టోపీ దీపాన్ని తయారుచేశాడు. 1915లో అక్కడి గనుల బ్యూరో దాన్ని ఆమోదించింది. బ్యాటరీ నడుము బెల్టుకు, దీపం టోపీకి, మధ్యలో తీగ. ఆ రూపం నూరేళ్లలో పెద్దగా మారలేదు. మనం కట్టుకున్నదీ అదే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఎడిసన్ బ్యాటరీ గట్టిది, మొరటుగా వాడినా తట్టుకునేది. కానీ అందులోని ద్రవం చార్జి ఎక్కినా దిగినా దాదాపు ఒకే సాంద్రతతో ఉంటుంది. లోపల ఎంత మిగిలిందో చెప్పదు. సీసం బ్యాటరీ అలా కాదు. అది వెలుగు ఇచ్చేకొద్దీ అందులోని గంధకామ్లం సీసం పలకల్లోకి వెళ్లి, ద్రవం పలచబడుతుంది. చార్జి చేస్తే ఆమ్లం తిరిగి ద్రవంలోకి వచ్చి చిక్కబడుతుంది. కాబట్టి ద్రవం చిక్కదనం కొలిస్తే లోపలి సంగతి తెలుస్తుంది. ఒక గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజు పుల్ల. దాని పేరే హైడ్రోమీటర్. 1280 ఉంటే నిండు, 1150కి దిగితే ఖాళీ. ల్యాంప్ రూంలో మేము ‘గ్రావిటీ’ అనేవాళ్లం. ‘పన్నెండు యాభై వచ్చిందా?’ అని అడిగితే కొత్తవాళ్లు గడియారం వైపు చూసేవారు.

ఆ గాజు గొట్టాన్ని చదవడం చూసినంత సులువు కాదు. మన మంచిర్యాల ఎండల సంగతి తెలిసిందే. వేసవిలో ద్రవం వేడెక్కి పలచబడుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. ప్రతి 10 డిగ్రీలకూ సుమారు 7 పాయింట్లు కలుపుకోవాలి. మే నెలలో చూసిన 1240 నిజానికి 1250 అని తెలియనివాడు మంచి సెల్‌ను పక్కన పడేస్తాడు. అలాగే డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే కొలవరాదు. పోసిన నీళ్లు పైనే ఉండి, అడుగున ఉన్న ఆమ్లంతో కలవవు. కొంతసేపు చార్జింగ్ మీద ఉండి బుడగలు లేచాకనే నిజమైన అంకె వస్తుంది. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది గనుక ల్యాంప్ రూంలో గాలి ఆడాలి, బీడీ ముట్టించరాదు. ఇక ఆమ్లం చుక్కలు పడి మా అంగీల చేతులకు జల్లెడ పట్టినట్టు చిల్లులు. పండుగకు కొన్న అంగీ వేసుకుని డ్యూటీకి పోతే ఇంట్లో తిట్లు తప్పేవి కావు.

షిఫ్టుకు ముందు ల్యాంప్ రూం కిటికీ దగ్గర జరిగేది అందరికీ గుర్తుండే ఉంటుంది. కార్మికుడు తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ల ఇస్తాడు, అదే నంబరు ల్యాంపు తీసుకుంటాడు. షిఫ్టు దిగాక ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. చాలామంది దీన్ని సామాను లెక్క అనుకున్నారు. కాదు, అది మనుషుల లెక్క. షిఫ్టు అయిపోయాక కొక్కేనికి ఒక్క బిళ్ల మిగిలినా, ఒక మనిషి ఇంకా లోపల ఉన్నాడని అర్థం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది చనిపోయిన సంగతి మనం మరువలేం. అటువంటి రోజున ఎవరు లోపల ఉన్నారు, ఎవరు పైన ఉన్నారు అన్న ప్రశ్నకు మొదట చూసేది హాజరు పట్టీ, ల్యాంపుల లెక్క. బయట గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లకు ఆ జవాబు ఎంత అవసరమో రాయనవసరం లేదు.

వెనక్కి వచ్చిన ల్యాంపును చార్జింగ్ ర్యాకుకు తగిలించి, దీపం తలను కొక్కేనికి పెట్టి తిప్పితే చార్జి మొదలవుతుంది. ఎనిమిది గంటల షిఫ్టు, దానికి ముందు దిగే నడక, తర్వాత ఎక్కే నడక. 1952 గనుల చట్టం భూమి లోపల పని రోజుకు ఎనిమిది గంటలు మించరాదన్నది. బ్యాటరీ మాత్రం అంతకంటే ఎక్కువసేపు నిలవాలి. ఒక ఆంపియర్ తాగే బల్బుకు పన్నెండు ఆంపియర్–గంటల బ్యాటరీ ఉంటే లెక్క ప్రకారం పన్నెండు గంటలు. కొత్త బ్యాటరీకి ఆ లెక్క సరిపోతుంది. పాతదానికి సరిపోదు. ఏడాది వాడాక పలకలు అరిగి, అడుగున మడ్డి చేరి, అదే చార్జింగ్‌కు అది ఎనిమిది గంటలే ఇవ్వవచ్చు. పొద్దున చూస్తే రెండూ నిండుగానే కనిపిస్తాయి. గ్రావిటీ కూడా రెండింటికీ 1270 రావచ్చు.

ఇక్కడే అసలు చిక్కు. ఎంత నిండింది అన్నది ఒక ప్రశ్న. ఆ కుండ ఎంత పెద్దది అన్నది ఇంకొక ప్రశ్న. బిందె నిండినా నిండినట్టే, చెంబు నిండినా నిండినట్టే. కొలిచే గాజు గొట్టం మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది. రెండోదానికి జవాబు చెప్పేది రిజిస్టరు.

మా రిజిస్టరులో ప్రతి ల్యాంపుకు ఒక పేజీ ఉండేది. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు నీళ్లు పోశాం, గ్రావిటీ ఎంత, బల్బు ఎప్పుడు మార్చాం, కార్మికుడు ఏం చెప్పాడు. ఆఖరిది ముఖ్యం. నైట్ షిఫ్టు దిగి వచ్చిన ఒక కోల్ ఫిల్లర్ కిటికీలో ల్యాంపు పెడుతూ, ‘సారూ, సగం షిఫ్టుకే పచ్చబడ్డది’ అన్నాడంటే అది నాకు ఏ మీటరు కంటే ఎక్కువ. తెల్లని వెలుగు పచ్చగా, పచ్చనిది ఎర్రగా మారడమే బ్యాటరీ దిగిపోతున్న గుర్తు. పైన ఉన్నవాళ్లకు అది రంగు మాట. బాయిలో లైటు పోయినవాడికి కళ్లు తెరిచినా మూసినా ఒకటే. చేయి ముఖం ముందు పెట్టుకున్నా కనపడదు. అటువంటప్పుడు ఉన్నచోటనే కూర్చోవాలి, తోటివాడి వెలుగులోనే బయటకు రావాలి. ఒక్కడే తడుముకుంటూ హాలర్ దారిలో నడవడం ఎంత ప్రమాదమో మన మిత్రులకు చెప్పాలా! అందుకే అదే ఫిర్యాదు రెండుసార్లు వస్తే ఆ ల్యాంపును ర్యాకు నుంచి తీసి బెంచి మీద పెట్టి, బల్బు వెలిగించి, గడియారం పెట్టి, ఆరిపోయేదాకా చూసేవాళ్లం. ఎన్ని గంటలు వెలిగితే అంతే దాని కుండ. ఇంతకంటే నిజాయితీ అయిన పరీక్ష నేటికీ లేదు.

బాయి ముచ్చట ఇక్కడ ఆపి, టేబుల్ మీది యంత్రానికి వస్తాను.

ఒళ్లో పెట్టుకునే కంప్యూటర్లు 1980ల మొదట్లో వచ్చాయి. 1982 నుండి అమ్మకానికి వచ్చిన ఎప్సన్ వారి హెచ్.ఎక్స్.–20లో నికెల్–కాడ్మియం బ్యాటరీ ఉండేది. 1985లో తోషిబా వారి టి–1100 వచ్చింది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. తేలిక, చిన్నది, శక్తి ఎక్కువ. ఆ పరిశోధనకు గుడెనఫ్, విట్టింగ్‌హాం, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు గనుల్లోకి వచ్చిన కొత్త టోపీ దీపాలు కూడా ఈ బ్యాటరీతో, ఎల్.ఇ.డి. బల్బుతో పనిచేసేవే. మా కాలపు రెండున్నర కిలోల సీసం డబ్బా మోసి నడుము కాయలు కాసినవారు వాటిని చేతిలోకి తీసుకుంటే ఆటవస్తువు అనుకుంటారు.

కానీ ఈ కొత్త బ్యాటరీ మూసిన పెట్టె. గాజు గొట్టం ముంచడానికి వీలు లేదు, ముంచినా లాభం లేదు. వోల్టేజి చూద్దామంటే, నిండుగా ఉన్నప్పుడు, బాగా ఖాళీ అయినప్పుడు తప్ప మధ్యలో దాదాపు సమంగానే ఉంటుంది. పచ్చబడదు, ఎర్రబడదు, ఒక్కసారిగా ఆరిపోతుంది. మరి మూలనున్న బొమ్మకు ఆ శాతం ఎట్లా తెలుస్తుంది?

లెక్క రాసుకుని తెలుసుకుంటుంది. బ్యాటరీ పెట్టెలోనే ఒక చిన్న చిప్పు ఉంటుంది. లోపలికి పోయిన కరెంటెంత, బయటకు వచ్చిన కరెంటెంత అని అది క్షణక్షణం కూడికలు, తీసివేతలు చేస్తుంది. దీన్నే కూలుంబ్ లెక్కింపు అంటారు. స్టోరు కీపరు సరుకు చూడకుండా లెడ్జరు చూసి నిల్వ చెప్పినట్టు. ఆ చిప్పు చెప్పింది కంప్యూటరుకు అర్థం కావాలంటే ఒక భాష కావాలి. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఒక పద్ధతి పెట్టాయి. 1995లో డ్యూరాసెల్, ఇంటెల్ కలిసి ‘స్మార్ట్ బ్యాటరీ’ నిబంధనలు తెచ్చాయి. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా మూడూ కలిసి ఎ.సి.పి.ఐ. అనే పద్ధతి ప్రకటించాయి. నేటి ల్యాప్‌టాప్‌లన్నీ చాలావరకు దాని మీదనే నడుస్తున్నాయి. అంటే మనలో చాలామంది ఇంకా డ్యూటీలో ఉన్నప్పుడే ఈ సంగతులన్నీ జరిగిపోయాయన్నమాట.

స్టోరు లెడ్జరుకు ఉన్న జబ్బే దీనికీ ఉంది. ఏళ్ల తరబడి భౌతిక తనిఖీ లేకుంటే లెడ్జరు ఒకటి, గోదాము ఇంకొకటి అవుతాయి.

దీనికి సాక్ష్యం మా దగ్గరే దొరికింది. 2014 నవంబరు 10న కేంద్రం జీవన్ ప్రమాణ్ ప్రారంభించాక, లైఫ్ సర్టిఫికెట్ కోసం ముసలివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ కొంత తగ్గింది. 1998 బొగ్గు గనుల పెన్షన్ పథకం కింద మనకు వచ్చేది ఎంతో అందరికీ తెలుసు. ఆ కొద్దిపాటి మొత్తం ఒక్క నెల ఆగినా మందుల షాపులో అప్పు పెట్టాల్సినవాళ్లు మనలో ఉన్నారు. మంచం దిగలేని ఒక మిత్రుడి ఇంటికి వేలిముద్ర యంత్రం, పాత ల్యాప్‌టాప్ పట్టుకుని పోయాం. ఆ పూట కరెంటు లేదు. బ్యాటరీ బొమ్మ సగం ఉందని చూపిస్తోంది. వేలిముద్ర పెట్టే సమయానికి తెర నల్లబడింది. ఆయన నన్ను చూసి, ‘ఏందన్నా, పైకి వచ్చినా లైటు పోవుడేనా?’ అని నవ్వాడు. మళ్లీ మర్నాడు పోయి పని పూర్తిచేశాం.

ఇంటికి వచ్చి మనవరాలికి చూపించాను. ఇంజనీరింగ్ చదువుతున్నది. ఆ పాత యంత్రంలో లైనక్స్ వేసి ఉంది. అందులో బ్యాటరీ చిప్పు చెప్పే సంగతులన్నీ చిన్న చిన్న ఫైళ్లుగా ఉంటాయట, ఎవరైనా తెరిచి చదవవచ్చట. ఆమె ఒక చిన్న ప్రోగ్రాము వేసింది. పెద్ద హంగులేమీ లేవు. తెర పైన ఒక సన్నని గీత, నొక్కితే నాలుగు అంకెలు. నిమిషానికి ఒకసారి ఆ ఫైళ్లు చదివి మళ్లీ పడుకుంటుంది. బరువైన ప్రోగ్రాము అయితే బ్యాటరీని చూడడానికే బ్యాటరీ తాగేస్తుంది కదా, అందుకే ఇటువంటివి తేలికగా ఉండాలి అని చెప్పింది. నాకు ఆ మాట నచ్చింది.

‘తాతా, ఇది కొత్తగా ఉన్నప్పుడు 4400. చిప్పు ఇప్పటికీ 3900 అనుకుంటోంది. నాకు నమ్మకం లేదు’ అన్నది.

‘అయితే బెంచి మీద పెట్టు బిడ్డా. ఆరిపోయేదాకా చూడు’ అన్నాను.

పూర్తిగా చార్జి చేసి, తీగ పీకి, ఆగిపోయేదాకా నడిపి, మళ్లీ పూర్తిగా చార్జి చేసింది. చిప్పు తన లెడ్జరు దిద్దుకుంది. 3900 పోయి 1950 వచ్చింది. సగం ఉందన్నప్పుడే ఎందుకు ఆరిపోయిందో అప్పుడు తేలింది. దాని లెక్కలో 3900లో 1950 ఖర్చు అయి 1950 మిగిలింది. నిజానికి ఉన్నదే 1950. కొత్తగా ఉన్నప్పుడు మూడు గంటలు దాటి నడిచేది ఇప్పుడు గంటా ఇరవై నిమిషాలు. అయినా చార్జి పెడితే బొమ్మ నూరు శాతం అనే చెబుతుంది, చెంబు నిండింది కాబట్టి.

విండోస్ వాడేవారికి కూడా ఈ సంగతి తెలుసుకునే దారి ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ‘పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్’ అనే ఆదేశం ఇస్తే ఒక పేజీ తయారవుతుంది. అందులో కొత్తప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ పక్కపక్కనే ఉంటాయి. చాలా యంత్రాల్లో ఎన్నిసార్లు చార్జి చేశారో కూడా ఉంటుంది. మా రిజిస్టరు పేజీయే అది, చేతిరాత ఒక్కటే లేదు. పిల్లలు ‘బ్యాటరీ పోయింది, కొత్త ల్యాప్‌టాప్ కొనాలి’ అన్నప్పుడు ముందు ఆ పేజీ తీయించి చూడమని పెద్దలకు నా మనవి. చాలాసార్లు బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

ఎండ గురించి ఒక మాట. సీసం బ్యాటరీకి వేడి పడదు, లిథియం బ్యాటరీకి అసలే పడదు. నిండా చార్జి చేసి, వేడిలో ఉంచితే అది తొందరగా ముసలిదవుతుంది. మన జిల్లాలో మే నెలలో రేకుల షెడ్డు కింద గానీ, ఆగి ఉన్న కారులో గానీ ల్యాప్‌టాప్ వదలరాదు. నెలల తరబడి వాడకుండా పెట్టేటప్పుడు సగం చార్జిలో పెట్టడం మేలు. ఇప్పుడు చాలా యంత్రాల్లో ఎనభై శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం కూడా ఉంది. ఎప్పుడూ తీగకు తగిలించి వాడేవారికి అది మంచిది. అన్నట్టు, ఆ తీగలో వచ్చే కరెంటులో కొంత మన జైపూర్‌లోని సింగరేణి థర్మల్ కేంద్రానిదీ అయి ఉండవచ్చు. మనం తవ్విన బొగ్గే చార్జి రూపంలో మనవల ఒళ్లోకి వస్తున్నదని నేను అంటే ఇంట్లో నవ్వుతారు.

ఆ ల్యాప్‌టాప్‌కు ఒక పాత నోటుబుక్కులో పేజీ తెరిచాను. నెల మొదటి తారీఖున మూడు అంకెలు రాస్తున్నాను. కొత్తప్పటి సామర్థ్యం, ఇప్పటిది, ఎన్నిసార్లు చార్జి అయింది. నాలుగో గడి ఖాళీగా ఉంచాను, వాడినవాళ్లు ఏం చెప్పారో రాయడానికి. నవంబరులో ఇళ్లకు పోయే ముందు ఆ పేజీ చూసి, గంట కంటే తక్కువ పని ఉంటేనే దాన్ని తీసుకుపోతున్నాం. ఎక్కువ ఉంటే వెంట ఇన్వర్టరు బ్యాటరీ తీసుకుపోతాం. అది సీసం బ్యాటరీయే. దానికి నీళ్లు పోసి, గ్రావిటీ చూసే పని నాకే అప్పగించారు.